ఇరవై ఐదు నిండకముందు

గురువారానికి ఐలెన్‌కి ఇరవై ఐదు నిండుతాయి.
ఇవాళ సోమవారం. సాన్ హోసేలో జూలై చలి.
కోళ్ల షెడ్డులో బల్బులు వెలిగించి వచ్చి
బిస్కెట్ల డబ్బా బల్ల మీద బోర్లించాను:
మా నాన్న కట్టుడుపళ్ల రశీదు, పొలం పన్ను,
ఎవరిదో పాల పన్ను ఒకటి, దూదిలో చుట్టి,
అడుగున నాలుగు మడతల ఉత్తరం.
రుదాజ్ వంశం. వెర్నాస్ గ్రామం.
రెండొందల పన్నెండో ఆకు.

మాలో ఎవరూ చూడని ఊరది.
ఆ దేశం పాస్‌పోర్టులో పుట్టినచోటు రాయరు,
ఏ ఊరి పుస్తకంలో మన వంశం ఉందో అది రాస్తారు.
నేను పుట్టింది ఉరుగ్వే నది ఒడ్డున, వరద ఏడాది,
మంత్రసాని పడవలో వచ్చింది.
కాగితం మాత్రం నన్ను మంచుకొండ పిల్లాణ్ణంటుంది.
మంచుని నేను ఫ్రీజర్లో తప్ప చూళ్లేదు.

ముత్తాతకి తాత కాలంలో
అక్కడ బంగాళాదుంప పొలంలోనే కుళ్లింది.
పంచాయతీ కూడింది, లెక్క వేసింది:
బీదవాణ్ణి ఏడాదంతా మేపడంకన్నా
ఓడ టిక్కెట్టు చవక.
ఆన్సెల్మ్ రుదాజ్‌నీ, భార్యనీ, ఐదుగురు పిల్లల్నీ
ఊరి డబ్బుతోనే సముద్రం దాటించారు.
వెళ్లగొట్టారు సరే,
పేరు మాత్రం కొట్టెయ్యలేదు.

మేనత్త సెలీనాకీ ఆ ఆకులో ఒక వరస ఉండేది.
రొట్టెల బట్టీ కుర్రాణ్ణి పెళ్లాడిన మధ్యాహ్నం
కొప్పులోంచి పిన్ను జారినట్టు
ఆ దేశం ఆమెనుంచి జారిపోయింది.
చప్పుడు కూడా కాలేదు. ఆమె పోల్కా ఆడుతూనే ఉంది.
అప్పటి చట్టం అంతే:
తండ్రి దగ్గర పారేది, తల్లి దగ్గర ఇంకేది.
ఆమె కొడుకూ నేనూ ఒకే మంచం మీద పెరిగాం.
వాడిది ఒక దేశం, నావి రెండు.
మామిద్దరికీ చెప్పులు మాత్రం ఒకటే జత.

నా పేరు మా నాన్న రాయించాడు.
ఐలెన్ పేరు నేను రాయించలేదు.
ఫారాలు దొరకలేదన్నాను ఒక ఏడు,
కోళ్లకి తెగులన్నాను రెండేళ్లు.
అసలు సంగతి పొగరు.
మీరొద్దని టిక్కెట్టు కొనిచ్చిన వాళ్ల గడపలో
చుట్టరికం అడుక్కోవడమేమిటని.
ఇరవై ఐదు నిండేలోగా కబురు పెట్టకపోతే
దారం తెగుతుంది.
తెగేది నాది కాదు, తనది.
ఇంకా పుట్టనివాళ్లది.
పొగరు నాదైనప్పుడు తెగేది వాళ్లదెందుకో
ఈ సోమవారం దాకా తట్టలేదు.

ఐలెన్ మాతే చప్పరిస్తూ ఉత్తరం చదివింది.
బడిపిల్లల చేతిరాత దిద్దే కళ్లు దానివి,
నలభై ఏళ్లుగా నేను చూడనిది చూసింది:
అంచున, సన్నటి ఇంకులో, ఒక మొత్తం.
ఏడు టిక్కెట్లు. ఎదురుగా చెల్లు అన్న మాట లేదు.

"అందుకే నాన్నా," అంది,
"బాకీ ఉన్నవాడి పేరు ఏ షావుకారు కొట్టేస్తాడు?"

నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

మంగళవారం రాత్రి బస్సెక్కింది,
వేయించిన కోడికాలు కాగితంలో చుట్టిచ్చాను.
బుధవారం పదకొండింటికి బ్యూనోస్ ఐరెస్ నుంచి ఫోను,
వెనకాల బస్సుల హారన్లు.
"తీసుకున్నారు. గుమాస్తా అడిగింది,
ఆ ఊరు ఎప్పుడైనా వెళ్లారా అని."
ఏమన్నావు?
"మావాళ్లు అక్కణ్నుంచి వెళ్లారు, అదే అన్నాను.
బాకీ గురించి కూడా చెప్పబోయాను,
వెనక లైను పెద్దగా ఉంది."

కాసేపు గుడ్లు లెక్కపెడుతున్నట్టు ఊరుకున్నాను.
"ఫారంలో పిల్లలు అని ఒక గడి ఉంది నాన్నా.
లేకపోతే గీత కొట్టమంది."
కొట్టావా?
"లేదు. ఖాళీగా వదిలేశాను.
ఆమె తలెత్తి చూసింది,
ఏమీ అనకుండా ముద్ర వేసింది."

షెడ్డులో ఒక బల్బు మాడిపోయింది.
నిచ్చెన కోసం వెతకాలి.